షిటాకే మందా, వంటింటి సరుకా?

తోటబాట (చర్చ ప్రారంభం):
షిటాకే అనే జపాను పుట్టగొడుగును ఎండబెట్టి చేసిన పొడిని రోజూ ఒక చెంచా మజ్జిగలో కలిపి తాగితే క్యాన్సర్ దరిచేరదని మా బంధువుల వాట్సాప్ బృందంలో ఒక సందేశం తిరుగుతున్నది. దానిని పుకారని కొట్టివేయలేకపోతున్నాను. జపానులోని తోహొకు విశ్వవిద్యాలయ పరిశోధకులు 36,499 మంది పురుషులను ఏళ్ల తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రచురించారు. పుట్టగొడుగులను వారానికి మూడుసార్లు లేదా అంతకు మించి తిన్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు, వారానికి ఒకసారి కూడా తిననివారితో పోలిస్తే 17 శాతం తక్కువగా కనిపించింది. పైగా షిటాకే నుండి తీసిన లెంటినాన్ అనే పదార్థాన్ని జపాను 1985లో ఔషధంగా ఆమోదించింది. ఇవన్నీ ఉండగా అది మందు కాదని ఎలా అనగలం?

నిదానపరుడు:
తోటబాట గారూ, మీరు చెప్పిన రెండూ నిజమే కాని, వాటి నుండి మీరు తీసిన ముగింపు నిలవదు. లెంటినాన్‌ను ఆమోదించినది జీర్ణాశయ క్యాన్సర్ రోగులకు, కీమోథెరపీతో పాటు, సూదిమందుగా ఇవ్వడానికి. శుద్ధిచేసి నరంలోకి ఎక్కించే పదార్థానికి దక్కిన గుర్తింపును కూరలోని పుట్టగొడుగుకు అంటగట్టడం న్యాయం కాదు. ఇక ఆ అధ్యయనంలో ఎవరు ఏ రకం తిన్నారన్న వివరమే లేదు. షిటాకే, ఎనోకి, మైటాకే వంటి పుట్టగొడుగులన్నీ ఒకే గంపలో పడ్డాయి. ఇతర అలవాట్ల తేడాలను లెక్కలో సర్దిన తరువాత కూడా ఆ సంబంధం నిలిచిందన్నది గమనించదగినదే. అయినా అది పరిశీలన మాత్రమే, కారణానికి రుజువు కాదు.

ఒసాకా శాకాహారి:
ఇద్దరూ రోగం చుట్టూనే తిరుగుతున్నారు. నేను జపానుకు వచ్చిన కొత్తలో మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు సైతం తాగలేకపోయాను, ఎందుకంటే ఇక్కడి వంటలకు ఆధారమైన దాషి అనే రసంలో మామూలుగా ఎండబెట్టిన చేప ఉంటుంది. నన్ను ఆదుకున్నది బౌద్ధాలయాల శాకాహార సంప్రదాయమైన షోజిన్ వంట. అందులో చేప బదులు కొంబు అనే సముద్రపు నాచును, ఎండు షిటాకేను వాడతారు. కొంబులోని ఉమామి అనే కమ్మని రుచికి గ్లుటమేట్ అనే పదార్థం మూలమని రసాయన శాస్త్రవేత్త ఇకెదా కికునయె 1908లో కనుగొన్నారు. షిటాకేలోని గ్వానిలేట్ అనే పదార్థం కూడా ఉమామి రుచినిస్తుందని 1957లో శాస్త్రవేత్త కునినక అకిరా తేల్చారు. రెండూ కలిసినప్పుడు రుచి కూడిక లెక్కన కాక, హెచ్చవేత లెక్కన పెరుగుతుంది. షిటాకేను చల్లని నీటిలో రాత్రంతా నానబెట్టి, ఆ నీటినే నెమ్మదిగా కాచితే ఆ రసం వల్ల ఉప్పు తగ్గించినా వంట చప్పగా అనిపించదు. రక్తపోటు ఉన్న మా ఇంటాయనకు నాకు తెలిసిన మేలు ఇదే, దీనికి ఏ అధ్యయనమూ అక్కరలేదు.

నిదానపరుడు:
ఉప్పు సంగతి ఒప్పుకుంటున్నాను. నాకు భయం కలిగించినది మజ్జిగ. పచ్చి లేదా సరిగా ఉడకని షిటాకే తిన్న కొందరికి ఒంటిమీద కొరడాతో కొట్టినట్టు ఎర్రని చారలు తేలతాయి. జపాను వైద్యులు దీనిని 1977లోనే వర్ణించారు. దానికి కారణమని అనుమానిస్తున్నది, విచిత్రంగా, మనం ఇంతసేపు పొగిడిన లెంటినానే. ఎండబెట్టినంత మాత్రాన ఉడికించినట్టు కాదు కనుక, పొడిని కాచకుండా తాగమనడం తప్పుడు సలహా.

తోటబాట:
మందు అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను, 17 శాతం మాటను మాత్రం కాదు. సందేశం పంపిన పెదనాన్నగారికి ఈ రాత్రే ఫోను చేసి, ఆ పొడిని మజ్జిగలో కాక, ఉప్పు కాస్త తగ్గించిన పప్పుచారులో వేసి బాగా మరగనివ్వమని చెబుతాను.