ఎలుగు ఎదురైతే చచ్చినట్టు పడుకోవాలా, చెట్టెక్కాలా?

పర్లాకిమిడి కుర్రాడు:
ఇప్పపూల కాలం వచ్చింది. అమ్మ, పిన్ని చీకటి ఉండగానే కొండ అంచుకి పూలు ఏరడానికి వెళ్తున్నారు. ఎలుగు కనిపిస్తే ఊపిరి బిగబట్టి పడుకోండి, వాసన చూసి పోతుంది అంటారు నాన్న, ఇద్దరు స్నేహితుల కథలోలాగా. చెట్టెక్కడమే మేలంటాడు బాబాయి. ఇంట్లో అందరికీ టెన్షనే. మీరేమంటారు?

గుణుపురం రైతు:
చెట్టే. కథలో కూడా చెట్టెక్కినవాడి ఒంటి మీద గీత పడలేదు కదా.

మహేంద్రగిరి మాస్టారు:
రైతు గారూ, ఆ కథ మన అడవిలో పుట్టింది కాదు. ఈసప్ పేరుతో గ్రీసు నుంచి వచ్చింది. అక్కడ తిరిగేది గోధుమరంగు ఎలుగు. పెద్దదయ్యాక దాని బరువుకి, గోళ్ల తీరుకి చెట్లెక్కడం కష్టం. మన నల్ల ఎలుగు అలా కాదు, తేనెపట్టు కోసం ఎంత పెద్ద చెట్టయినా ఎక్కేస్తుంది. మీరు కొమ్మ అందుకునేలోపే అది మిమ్మల్ని చేరుతుంది కూడా. పరుగులో మనిషి దానికి చాలడు.

దీని ఒళ్లంతా చెదలు తినడానికే తయారైంది. పై పలువరసలో ముందు రెండు పళ్లు ఉండవు. పొడవాటి గోళ్లతో పుట్ట తవ్వుతుంది, మట్టి ఊదేస్తుంది, ముక్కు రంధ్రాలు మూసుకుని ఆ సందులోంచి చెదల్ని జుర్రుకుంటుంది. ఆ చప్పుడు 100 మీటర్ల దూరానికీ వినిపిస్తుంది. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని ఎలుగు అనుకోనేలేదు, దక్షిణ అమెరికాలో కొమ్మలకి వేలాడే స్లాత్‌ల జాతిలో వేశాడు! ఇంగ్లీషువాళ్లు నేటికీ స్లాత్ బేర్ అనే అంటారు. పిల్లల్ని నెలల తరబడి వీపు మీద ఎక్కించుకుని తిరిగే తల్లి ఎలుగు కూడా ఇదే.

మరి చెదలూ పండ్లూ తినే జంతువు మనిషి మీద ఎందుకు పడుతుంది? అది పులులు, చిరుతల మధ్య బతుకుతూ వచ్చింది. పారిపోతే పులి వెంటపడుతుంది, చెట్టెక్కితే చిరుత పైకి వస్తుంది. అందుకే దగ్గరలో ఏదైనా హఠాత్తుగా కనబడితే ముందు తానే మీద పడటం దానికి అలవాటైంది. అది ఆకలితో చేసే దాడి కాదు, భయంతో చేసేది. ఎదుటి నుంచి ప్రమాదం లేదనిపిస్తే చాలావరకు వదిలి వెళ్లిపోతుంది. కాబట్టి మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది.

కాశీనగర్ తమ్ముడు:
సగమేంటి మాస్టారూ? మా మేనమామ జీడితోటలో వెల్లకిలా పడిపోయి కదలకుండా ఉంటే ఎలుగు తాకకుండా వెళ్లిపోయింది. మేం గట్టు మీద నుంచి చూశాం.

మహేంద్రగిరి మాస్టారు:
మీ మామయ్య క్షేమంగా ఉన్నందుకు సంతోషం తమ్ముడూ. కానీ ఇంకెవరికీ అలా పడుకోమని చెప్పకు. ఈ ఎలుగు ఎక్కువగా ముఖం, తల మీదే కొడుతుంది. దాడుల్లో కళ్లు పోయినవాళ్లు, దవడలు విరిగినవాళ్లు ఉన్నారు. మీదకి వచ్చేస్తే బోర్లా పడుకోవాలి, ముఖం నేలకి ఆనించాలి, రెండు చేతులూ మెడ వెనక పెనవేసుకోవాలి. అది వెళ్లిపోయేదాకా లేవకూడదు. ఊపిరి బిగబట్టక్కర్లేదు. చచ్చినదాన్ని ముట్టదన్న మాట కూడా తప్పు, అప్పుడప్పుడు కళేబరాలూ తింటుంది. దూరంగా కనబడితే మాత్రం పడుకోవడం దేనికి? పరుగెత్తకుండా, దాని దారికి అడ్డం లేకుండా మెల్లగా వెనక్కి రావాలి.

రాయగడ సోదరి:
మీరంతా ఎదురుపడ్డాక ఏం చేయాలో చెప్తున్నారు, పూలు ఏరే ఆడవాళ్లకి ఎదురుపడకుండా ఉండటం ముఖ్యం. పూలు తెల్లవారుజామున రాలతాయి, ఎలుగుకీ అవి ఇష్టం, ఇద్దరం ఒకే వేళకి ఒకే చెట్టు కిందకి చేరతాం. తినే ధ్యాసలో దానికి మన అడుగులు వినబడవు, వంగి ఏరుకునే మనకి అది కనబడదు. నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. కుక్కను వెంట తీసుకెళ్లకండి. అది మొరిగి రెచ్చగొట్టి, తిరిగి మన కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. దాని వెనకే ఎలుగు.

గుణుపురం రైతు:
కుక్క మాట ఒప్పుకుంటాను. చెట్టు సంగతి ఇంకా ఆలోచిస్తున్నా.

పర్లాకిమిడి కుర్రాడు:
అందరికీ థాంక్స్. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. వెలుగు వచ్చాకే వెళ్దామంటే, అప్పటికి పూలు మేకలు తినేస్తాయి అంటోంది. దానికి దారి చెప్పండి అక్కా.

రాయగడ సోదరి:
ముందు రోజు సాయంత్రమే చెట్టు కింద పాత చీర పరిచి, చుట్టూ ముళ్లకంప వేయమను. మేకలు రావు. ఎలుగు ఆ కంపకి ఆగదు, అందుకే వెలుగు వచ్చాక కూడా చెట్టుకి దూరంగా నిలబడి డబ్బా మోగించి, చూసుకున్నాకే దగ్గరికి వెళ్లమను.