11 ఏళ్ల బిడ్డను ఇంట్లో చూసుకునే మనిషి కోసం తిరుపతిలో ఎలా వెతకాలి?

ప్రశ్న: బైరాగిపట్టెడ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 11 ఏళ్లు. పుట్టగానే ఏడవలేదు, ఏడాది నిండేసరికి సెరిబ్రల్ పాల్సీ అని తేలింది. కాళ్లూ చేతులూ బిగుసుకుని ఉంటాయి, ఆసరా లేకుండా కూర్చోలేడు. మాటలు రావు గానీ మేము మాట్లాడేవన్నీ అర్థమవుతాయి. మేడ మీద నీళ్ల ట్యాంకు నిండి పొర్లితే మా అందరికంటే ముందు కేక వేసేది వాడే. ఫిట్సుకు రెండు పూటలా మందు వేస్తున్నాము. బరువు 26 కిలోలు.

ఇన్నాళ్లూ మా అత్తగారే చూసుకున్నారు. మోకాళ్లు అరిగిపోయి ఇక ఎత్తలేనని ఆమె చెప్పడంతో, నేను ఉద్యోగం మానలేక, మావారిది రేణిగుంటలో షిఫ్టు పని కావడంతో, రెండు నెలల క్రితం ఒక ఏజెన్సీ ద్వారా ఒక అమ్మాయిని పెట్టుకున్నాము. ఆమె చెడ్డ మనిషి కాదు, కానీ అంతవరకూ పనిచేసిందంతా మంచం పట్టిన పెద్దవాళ్ల దగ్గరే. మూడో రోజు నేను మధ్యాహ్నం ముందుగా ఇంటికి వచ్చేసరికి వాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, పప్పన్నం పలచగా కలిపి నోట్లో పోస్తోంది. వాడి కళ్ల నిండా నీళ్లు, గొంతులో గురగుర. మనిషిని మార్చమంటే ఇంకొకరిని, వారం తిరగకుండా మరొకరిని పంపారు. ముందుగా కట్టిన నెల డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఇలాంటి పిల్లలను చూడడం తెలిసిన మనుషులు మన ఊళ్లో ఎక్కడ దొరుకుతారు? వాడి చదువు సంగతి ఏమిటి? వాడి పేరు బడిలో ఉంది గానీ రెండేళ్లుగా పంపలేకపోతున్నాము. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు, పింఛను ఉన్నాయి. అంతకుమించి ఏమైనా ఉంటే తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: చిత్తూరు నుంచి ఒక తండ్రి

అమ్మా, మా అమ్మాయికి 19 ఏళ్లు, తనదీ మీ బాబు లాంటి పరిస్థితే. ఎనిమిదేళ్లలో ముగ్గురు ఆయాలను చూశాము. అన్నీ తెలిసిన మనిషి కోసం వెతికినంత కాలం మాకు ఎవరూ కుదరలేదు. ఎందుకంటే మనం ఒకే మనిషిలో నర్సును, ఫిజియోథెరపిస్టును, టీచరును, అమ్మమ్మను కలిపి వెతుకుతాము. ఆయా పని వేరు, వైద్యం వేరు, చదువు వేరు. ఆయాగా ఓపిక, శుభ్రత, చెప్పింది వినే గుణం ఉన్న మనిషిని తీసుకుని, మిగతాది మనమే నేర్పుకోవాలి. ఇప్పుడున్నావిడ మా వీధి చివర ఇస్త్రీ బండి నడిపే ఆయన భార్య. ఏ శిక్షణా లేదు, కానీ మా అమ్మాయి నెలసరి రోజుల్లో ఆమె చూపే మర్యాద ఏ కోర్సులోనూ నేర్పరు.

ఆమె వచ్చిన మొదటి రెండు వారాలు మా ఇంటావిడ సెలవు పెట్టి పక్కనే ఉంది. మొదటి వారం మా ఇంటావిడ చేస్తుంటే ఆయా చూసింది, రెండో వారం ఆయా చేస్తుంటే మా ఇంటావిడ చూసింది. దాంతోపాటు 200 పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టాము. ఏ మందు ఏ పూట ఎంత, ఏ వైపు పడుకోబెడితే ఇష్టపడుతుంది, ఏ ఏడుపు ఆకలిది, ఏ ఏడుపు నొప్పిది, విరేచనం ఎప్పుడు అయింది, ఫిట్సు వస్తే ఎన్ని గంటలకు మొదలై ఎంతసేపు ఉంది అన్నవి అన్నీ అందులో రాస్తాము. ఆమెకు చదువు అంతంత మాత్రం కాబట్టి మందుల పెట్టె మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ అంటించాము. కొత్త మనిషి ఎవరైనా సరే, ఆధార్ నకలు తీసుకుని పోలీసు స్టేషనులో విచారణకు ఇవ్వండి. మాటలు రాని పిల్లల విషయంలో మొహమాటం పనికిరాదు.

డబ్బు సంగతికి వస్తే, 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు అయింది గనుక అది ఆయా జీతంలో కొంతకు సరిపోతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ‘నిరామయ’ అనే ఆరోగ్య బీమా ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, చేరడానికి ముందు వైద్య పరీక్షలు అడగరు. థెరపీ ఖర్చును కూడా బిల్లులు పెట్టి తిరిగి రాబట్టుకోవచ్చు. ఆయా జీతం మాత్రం అందులోకి రాదు. ఏటా మార్చి 31తో గడువు ముగుస్తుంది కాబట్టి రెన్యువల్ మరచిపోకండి. మేము ఒకసారి మరచిపోయి ఏప్రిల్‌లో చేతి డబ్బు పెట్టుకున్నాము.

ఇంకొక మాట, మీకు ఇప్పుడే అవసరం లేకపోయినా. మా అమ్మాయికి 18 నిండిన తరువాత ఒక బ్యాంకులో, ఆమె ఇప్పుడు మేజరు కాబట్టి తండ్రి సంతకం చెల్లదని నన్ను తిప్పి పంపారు. అదే చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకుని గార్డియన్‌షిప్ పత్రం తెచ్చుకుంటే గానీ ఖాతా కదలలేదు. మీ బాబుకు 17 దాటగానే కాగితాలు సిద్ధం చేసుకోండి.

జవాబు 2: ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే ఫిజియోథెరపిస్టు, తిరుపతి

మేడం, మీరు గురగుర అని రాసినది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. తినేటప్పుడు దగ్గు రావడం, తిన్న తరువాత గొంతు నీళ్లతో నిండినట్టు వినిపించడం, తరచూ జ్వరంతో ఛాతీ పట్టేయడం ఉంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందేమోనని అనుమానించాలి. ఒకసారి పిల్లల డాక్టరుకు, స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. తినిపించేటప్పుడు నడుము, తల నిలబడేలా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉండేలా చూసి, స్పూను పెదవుల ఎత్తులోనే ఎదురుగా అందించాలి. స్పూను పైనుంచి వస్తే బిడ్డ తల వెనక్కి వాలుతుంది, ఊపిరి దారి తెరుచుకుని ముద్ద అటు వెళ్తుంది. పలచని నీళ్ల కంటే కొంచెం చిక్కటి రాగి జావ మింగడం చాలామందికి సులువు. తిన్న తరువాత అరగంట పడుకోబెట్టవద్దు.

బాబు 26 కిలోలంటే ఇక ఒక్కరే ఎత్తడం మానవలసిన సమయం వచ్చింది. మీ అత్తగారి మోకాళ్లు చెబుతున్నది అదే. మంచం, కుర్చీ ఒకే ఎత్తులో ఉంటే ఎత్తకుండా జరపవచ్చు. కదలలేని బిడ్డను కనీసం రెండు గంటలకొకసారి అటు ఇటు తిప్పకపోతే తుంటి దగ్గర పుండ్లు పడతాయి. తుంటి ఎముక గిన్నెలోంచి జారుతోందా లేదా అన్నది ఎక్స్‌రేలోనే తెలుస్తుంది, ఈ పిల్లల్లో నొప్పి లేకుండానే జారుతూ ఉంటుంది. స్విమ్స్ పక్కనున్న టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టర్లకు చూపించి ఆ మాట ప్రత్యేకంగా అడగండి.

ఫిట్సు వస్తే ఏం చేయాలో ఆయాకు మొదటి రోజే చేసి చూపించండి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు, ఇనుము పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి. ఫిట్సు ఆగడానికి ముక్కులో కొట్టే స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చా అని మీ న్యూరాలజిస్టును అడగండి.

మా వృత్తి గురించి నేనే చెప్పడం బాగుండదేమో గానీ, తలుపు వేసుకుని ముప్పావు గంట వ్యాయామం చేయించి వెళ్లిపోయే థెరపిస్టు కంటే, వారానికి ఒకసారే వచ్చినా మీకూ ఆయాకూ నేర్పి వెళ్లేవారే మేలు. స్పీచ్ థెరపిస్టును, స్పెషల్ ఎడ్యుకేటరును పెట్టుకునేటప్పుడు భారత పునరావాస మండలి వారి రిజిస్ట్రేషను నంబరు అడగండి. నిజమైన వారెవరూ దానికి నొచ్చుకోరు.

జవాబు 3: చంద్రగిరి వైపు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పనిచేసే టీచరు

మీ అబ్బాయి బడికి రాలేకపోవడం వల్ల చదువు హక్కు పోదు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దే చదువుకోవచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య అందాలి. పేరు బడిలోనే ఉంచండి, తీసేయమని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. సదరం సర్టిఫికెట్టు, ఆధార్ నకళ్లతో మీ మండల విద్యాశాఖ అధికారి కార్యాలయంలో, ‘ఇంటి వద్ద విద్య’ కింద నమోదు చేయమని రాతపూర్వకంగా అడగండి. మా వంటి రిసోర్సు టీచర్లు ఇంటికి వస్తారు. నిజం చెప్పాలంటే ఒక్కొక్కరికి చాలామంది పిల్లలు ఉంటారు గనుక మేము రోజూ రాలేము. వచ్చినప్పుడు ఆయాను కూడా పక్కన కూర్చోబెట్టండి.

ట్యాంకు పొర్లితే కేక వేస్తాడని రాశారు. అంటే చూసి, విని, చెప్పాలనుకుంటున్నాడు. అన్నం, నీళ్లు, నొప్పి, బాత్‌రూము, టీవీ, ఈ అయిదు ఫోటోలు ఒక అట్టకు అంటించి చూపు ఎటు నిలుస్తుందో గమనించండి.

జవాబు 4: పలమనేరు నుంచి ఒక తల్లి

చిత్తూరు సార్ చెప్పింది మంచిదే, కానీ రెండు వారాలు సెలవు పెట్టే వీలు, ఆయాకు జీతమిచ్చే స్తోమత మా వంటి కూలి చేసుకునే వాళ్లకు లేవు. మా ఊళ్లో ఇలాంటి బిడ్డలున్న ఇద్దరం తల్లులం, వాళ్లను ఒకే ఇంట్లో ఉంచి రోజు మార్చి రోజు పనికి వెళ్తున్నాము. ఒకరి బిడ్డకు జ్వరం వస్తే ఇద్దరి పనీ పోతుంది, అదొక్కటే ఇబ్బంది. ఏజెన్సీకి కట్టే స్తోమత లేనివారు ఏదైనా పని మీద సచివాలయానికి వెళ్లినప్పుడు తోటి తల్లులను పలకరించి చూడండి, నాకు ఆ రెండో తల్లి అక్కడే పరిచయమైంది.

ప్రశ్న అడిగిన తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. ఏజెన్సీకి స్వస్తి చెప్పి, మా అత్తగారి ఊరి నుంచి భర్త లేని ఒక అక్కను పిలిపించుకున్నాము. ఎత్తే పని ఆమె చేస్తుంది, ఎలా ఎత్తాలో, ఎలా తినిపించాలో మా అత్తగారు కుర్చీలో కూర్చుని చెబుతున్నారు. వచ్చే మంగళవారం తుంటి ఎక్స్‌రేకు వెళ్తున్నాము. టీచరు గారు చెప్పిన అట్ట నిన్న చేశాము. వాడు అన్నం వైపు, నీళ్ల వైపు చూడకుండా చాలాసేపు టీవీ ఫోటోనే చూస్తూ ఉన్నాడు, పెట్టిన తరువాతే అన్నం తిన్నాడు.