ఎకరం: పొలమా, కొలతా?

'ఎకరం' అన్న మాట 'ఏక' శబ్దం నుండి పుట్టిందేమోనని ఒక మిత్రులు సందేహం వెలిబుచ్చారు. ఆ ఊహకు ఆధారం కనిపించదు. సంస్కృతంలో హ్రస్వ ఎకారం లేదు కనుక 'ఎకరం' అక్కడిది కాదనవచ్చు కాని, తద్భవాలలో దీర్ఘం కుదించుకుపోవడం మామూలే కనుక దానిని బట్టి మాత్రమే తేల్చలేము. ఇది ఇంగ్లీషువారి భూమి కొలతలతో వచ్చిన 'ఏకర్'. మన నోట పడి చివర సున్న తగిలించుకొని 'ఎకరం' అయింది.

ఇంగ్లీషులోనైనా ఇది మొదట కొలత పేరు కాదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు పొలమనే అర్థం. జర్మనులో 'ఆకర్' అంటే నేటికీ దుక్కి నేలే. ఇంగ్లీషులో శ్మశానవాటికను 'గాడ్స్ ఏకర్' అనడంలోనూ ఆ పాత అర్థమే నిలిచింది. అది నాలుగు సెంట్లున్నా (సెంటు ఎకరంలో నూరోవంతు) ఆ పేరు చెల్లుతుంది. లాటిన్ 'అగెర్', గ్రీకు 'అగ్రోస్', ఋగ్వేదంలోని 'అజ్ర' దీనికి జ్ఞాతులు. సంస్కృతంతో చుట్టరికం ఉన్నమాట నిజమే, అయితే అది 'ఏక' వైపు నుండి కాదు.

పొలం పేరు కొలతగా మారింది దుక్కి వల్ల. ఎద్దులు ఒక రోజులో దున్నగలిగినంత నేలను ఎకరమన్నారు. మడకను మాటిమాటికీ మళ్ళించడం శ్రమ కనుక చాళ్ళు పొడవుగా సాగేవి. అందుకే ఆ ఎకరం 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు గల సన్నని పట్టీ. ఆ పొడవుకు పేరైన 'ఫర్లాంగు'కు అర్థం 'చాలు పొడవు' అనే. వెడల్పైన 22 గజాలనే 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు గణితవేత్త 100 లింకుల గొలుసుగా అమర్చాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం.

బెంగళూరులో నిత్యం ఎదురయ్యే భూమి కొలత గుంట 33 అడుగుల చదరం, అంటే భుజం సరిగ్గా అర గొలుసు. 40 గుంటలు ఎకరం కావడం అందువల్లనే. (గుంట దేశీయమైన మాట, గుంటర్ పేరుతో పోలిక కేవలం కాకతాళీయం.) అనంతపురం, చిత్తూరు వైపు సెంట్ల లెక్కకు అలవాటుపడినవారు బెంగళూరు వైపు పహాణీలో (భూమి వివరాల పత్రంలో) '1-20' చూసి ఎకరా ఇరవై సెంట్లని చదువుకుంటారు. అది ఎకరా ఇరవై గుంటలు, అంటే ఎకరన్నర. ఇరవై సెంట్లకు వచ్చేది ఎనిమిది గుంటలే.