‘ముప్పై పట్టె’నా, ‘ముప్పై పట్టే’నా?

వేగుచుక్క: మా తాతయ్య రెండో ప్రపంచయుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో (సైన్యపు ఇంజినీరింగ్ దళం) చేశారు. బ్రెన్ గన్ (తేలికపాటి మెషిన్ గన్) మాటొస్తే ఇలా అనేవారు: “ముప్పై పట్టె పెట్టెకు ఇరవయ్యెనిమిదే మేత, ముప్పై మేపితే గొంతు…” ఆ తరవాతి మాట ఎంతకీ గుర్తు రావడం లేదు. ఇంకెవరింట్లోనైనా విన్నారా?

పాతపుస్తకం: ‘పట్టె’ ఏమిటండీ? ముప్పై తూటాలు ‘పట్టే’ పెట్టె. దీర్ఘం మింగేశారు.

కృష్ణాతీరం: మింగలేదు. మంచానికి నవారు పట్టె ఉన్నట్టే మెషిన్ గన్‌కు తూటాల పట్టె. బెల్టును సిపాయిలు అలాగే అని ఉంటారు.

ఇనుపగజ్జె: బ్రెన్‌కు బెల్టెక్కడిది? బెల్టు విక్కర్స్ మెషిన్ గన్‌ది, అందులో 250 తూటాలు. బ్రెన్‌ది నెత్తిన నిలబడే పెట్టె, అదీ వంపు తిరిగినది. బ్రెన్ కాల్చే .303 తూటాకు అడుగున అంచు బయటికి ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పేరిస్తే వరస వంగుతుంది. దీనికి మూలం చెకొస్లొవేకియా వాళ్ల జడ్‌బీ 26 మెషిన్ గన్, వాత్స్లావ్ హోలెక్ బ్ర్నోలో చేసినది. దాని 7.92 మి.మీ. తూటాకు ఆ అంచు లేదు. అందుకే పెట్టె తిన్నగా ఉంటుంది, పట్టేవి 20. ఇక ఇరవయ్యెనిమిది నిజమే. ముప్పై కుక్కితే స్ప్రింగు నలిగిపోతుంది. పైగా ముందు వెళ్లాల్సిన తూటా అంచు తన తరవాతిదాని అంచుకు వెనకపడిందా, రెండూ పెనవేసుకుని తుపాకి ఆగిపోతుంది.

కృష్ణాతీరం: తాతగారు బ్రెన్ అన్నారా, మనం అంటున్నామా? ఇండియన్ ఆర్మీ 1933లో తీసుకున్నది విక్కర్స్-బెర్తియర్ అనే ఇంకో తేలికపాటి మెషిన్ గన్. ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీలో తయారైంది. దానికీ వంపు పెట్టే, దానికీ ముప్పయ్యే.

ఇనుపగజ్జె: అయితే మీ బెల్టు ఇంకా ఎగిరిపోయింది కదా!

పాతపుస్తకం: అసలు పెట్టె అనడమే పేదరికం. అమ్ములపొది ఉండగా! తిక్కన భారతంలో యుద్ధపంచకం చదివినవాళ్లం తూటాలకు మాట వెతుక్కోవడమేంటి? తిక్కన చేతిలో పడితే ఈ తుపాకి కూడా రెండు మాటల్లో తన గుణం చెప్పేసేది.

గోదారిగట్టు: పొది వీపున ఉండేది. దీనిది నెత్తిన. గురి చూసే రెక్కలను ఎడమకు జరిపిందే ఆ పెట్టె అడ్డమని. ఎడమ భుజానికి ఆనించి కాల్చేవాడి పాట్లు తిక్కన కూడా రాయలేడు. అయినా యుద్ధం చేసినవాడు ఖడ్గతిక్కన, సోమయాజి రాసినవాడే.

పాతపుస్తకం: రాసినవాడే అంటే అంత తేలికా? పదిహేను పర్వాలు!

వేగుచుక్క: అయ్యా, నా గొంతు…

కృష్ణాతీరం: “గొంతు పట్టె”. ప్రాసకు ప్రాస, నా పట్టెకు సాక్ష్యం.

పాతపుస్తకం: ‘గొంతు పట్టు’ అంటారు, పట్టె అనరు. పోనీ ‘పట్టే’ అన్నా దీర్ఘం నాదే.

ఇనుపగజ్జె: గొంతే తప్పు. ఇరుక్కునేది పెట్టె మూతి దగ్గర, గొట్టంలోకి దిగాక కాదు. తాతగారు ‘మూతి’ అని ఉంటారు, చూసుకోండి.

గోదారిగట్టు: మూతి అంటే ప్రాస ‘మేత’తో కుదురుతుంది. అప్పుడు పట్టె, పట్టే రెండూ పక్కకెళ్లాయి.

పాతపుస్తకం: మేతలో త, మూతిలో తి. ద్వితీయాక్షరం హల్లు కలిసింది, ఒప్పుకుంటాను. పట్టే మాత్రం పట్టే.