చీతాలు తెచ్చుకున్నాం సరే, బదులు ఏమిచ్చాం?

బాటసారి: మన దేశంలో అంతరించాయని 1952లోనే తేల్చేసిన జంతువు. 2022 సెప్టెంబర్‌లో నమీబియా 8, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా 12 ఇచ్చాయి. దేశాల మధ్య ఇంత స్నేహం ఏ వాణిజ్య ఒప్పందం తెచ్చింది? దీనికీ ఏడ్చేవాళ్లున్నారు.

నల్లమలోడు: స్నేహం ఊరికే రాలేదన్నా. అడవి జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ సమావేశాల్లోనూ 'సుస్థిర వినియోగా'నికి తోడుంటామని నమీబియాతో రాసుకున్నాం. 2022 నవంబర్‌లోనే పనామాలో జరిగిన సైటీస్ సమావేశంలో, నమీబియా లాంటి దేశాలు కోరిన ఏనుగు దంతాల అమ్మకం ఓటుకొస్తే మనోళ్లు తటస్థం! అంతకుముందు వద్దనేవాళ్లమే.

బాటసారి: తటస్థమంటే ఔననడం కాదు. ప్రతిపాదన ఎలాగూ వీగిపోయింది. ఒప్పందంలో 'దంతం' అన్న మాట ఉందా? చూపించండి.

గోలీసోడా: విమానం ముక్కు మీద పులి బొమ్మేసి లోపల చీతాల్ని తెచ్చారు. ఎవరైనా చూశారా 😂

నల్లమలోడు: ఉండదు. లగ్నపత్రికలో కట్నం అని రాస్తారా?

చార్మినార్ చాయ్: సౌదీ యువరాజు మా హైదరాబాద్ జూకి ఇచ్చిన జంట గుర్తుందా? ఆడది 2020లో పోయింది, మగది అబ్దుల్లా 2023లో.

బాటసారి: జూ సంగతి వేరు. ఆ మాట ఉందా, లేదా?

నల్లమలోడు: మీకు మాట కావాలి, నాకు గేదె కావాలి. పాలిచ్చే గేదెను చిరుత చంపితే ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగా. చెవికి ట్యాగు లేదని కాగితం తిప్పి పంపారు. ఆ చెవి చిరుత తినేసింది సార్!

బాటసారి: మీ గేదెకీ నమీబియాకీ ఏం సంబంధం?

నల్లమలోడు: ఉంది. చీతాల్ని వదిలిన మధ్యప్రదేశ్ కూనో అడవిలో 24 ఊళ్లు ఖాళీ చేయించింది గుజరాత్ గిర్ సింహాల కోసం. ఆరు నెలల్లో పంపమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పక్క రాష్ట్రం నుంచి ఒక్క సింహం రాలేదు, సముద్రం అవతల నుంచి 20 చీతాలొచ్చాయి. విదేశాలతో మాట్లాడతారు, ఊరొదిలినోడితో మాట్లాడరు.

బాటసారి: సింహాల విషయం ఒప్పుకుంటా. కానీ అడవిలో ఉండేవాళ్లంతా అడవిని కాస్తారని నాకు చెప్పకండి. మా నాన్న ఫారెస్టు గార్డు. కలప నరికేవాళ్ల గొడ్డలి దెబ్బకి ఇప్పటికీ కుంటుతున్నారు. వాళ్లు బయటివాళ్లు కాదు, ఆ పక్క ఊరివాళ్లే.

నల్లమలోడు: ఇది మొదటే చెప్పాల్సిందన్నా. గొడ్డలి పట్టినోళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. అందుకని ఊరంతా ఖాళీ చేసి పోవాలా?

బాటసారి: కొన్నిచోట్ల, అవును.

నల్లమలోడు: అదీ అసలు మాట. ఇంతసేపూ చీతాల వెనక దాక్కున్నారు.

బాటసారి: సరే. కానీ 'దంతం' అన్న మాట మాత్రం ఒప్పందంలో లేదు.