పెన్‌జాన్స్ జూబిలీ పూల్‌లో వేడినీటి మూల: కొలనును కాపాడిందా, చెడగొట్టిందా?

పాతగోడ: ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతానికి చెందిన పెన్‌జాన్స్‌లో, సముద్రపు నీటితో నింపే ఆరుబయటి ఈతకొలనును 1935 మే 31న ప్రారంభించారు. అది బ్రిటన్ రాజు అయిదవ జార్జి పాలనకు రజతోత్సవ (సిల్వర్ జూబిలీ) సంవత్సరం కనుక జూబిలీ పూల్ అన్న పేరు వచ్చింది. దానిని రూపొందించిన పురపాలక ఇంజనీరు కెప్టెన్ ఫ్రాంక్ లాథమ్ త్రిభుజాకారాన్ని అందం కోసం మాత్రమే ఎంచుకోలేదు. కొలను కట్టిన బ్యాటరీ రాక్స్ అనే తీరపు రాళ్ల మీద నేరుగా విరుచుకుపడే అలల బలం చెదిరిపోయేలా సముద్రం వైపు గోడలను వంపు తిప్పాడు. 1993లో రక్షిత కట్టడాల జాబితాలో చేరిన ఈ కొలనులో ఒక మూలను వేరుచేసి, 2020 నుంచి భూగర్భ ఉష్ణంతో వెచ్చబరుస్తున్నారు. ఒకే నీటి తలంగా ఊహించిన రూపాన్ని ముక్కలు చేయడం సంరక్షణ ఎలా అవుతుందో ఎవరైనా వివరించగలరా?

లెక్కలమనిషి: కొలను తెరిచి ఉండటమే మొదటి సంరక్షణ. 2014 ఫిబ్రవరి తుపానుకు పునాదులు సైతం దెబ్బతిన్న తరువాత దాదాపు 30 లక్షల పౌండ్లు ఖర్చుచేస్తే గాని 2016లో తలుపులు తెరుచుకోలేదు. వేసవి నాలుగు నెలల ఆదాయంతో అలాంటి కట్టడాన్ని ఏడాది పొడవునా పోషించడం అసాధ్యం. చలికాలంలోనూ జనం రావాలంటే వెచ్చని నీరు కావాలి. ప్రధాన కొలను నేటికీ చల్లని సముద్రపు నీటితోనే ఉన్నదన్న సంగతి మీ ప్రశ్నలో కనిపించలేదు.

ఉప్పుగాలి: వెచ్చని నీరు కావలసినవారు ఇంట్లో స్నానం చేయవచ్చు.

రాతిపొర: అసలు భూగర్భ ఉష్ణం అన్న మాటనే పరిశీలించాలి. అక్కడ తవ్విన బావి లోతు 410 మీటర్లు. ఆ లోతు నుంచి వచ్చే నీరు గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది. కొలనును 30 డిగ్రీలు దాటించడానికి హీట్ పంపులు (తక్కువ వేడి నీటి నుంచి వేడిని లాగి ఎక్కువ వేడిగా అందించే యంత్రాలు) వాడుతున్నారు, అవి కరెంటుతో నడుస్తాయి. కార్న్‌వాల్ గ్రానైట్‌లోని యురేనియం, థోరియం అనే రేడియోధార్మిక మూలకాల క్షయం వల్ల అక్కడి నేల లోతుల్లో వేడి ఎక్కువన్నది నిజమే గాని, ప్రచారం చదివితే భూమి తనంతట తానే కొలనును కాగబెడుతున్నట్టు ఉంటుంది.

లెక్కలమనిషి: హీట్ పంపు ఉన్నంత మాత్రాన భూమి ఇచ్చిన వేడి అబద్ధం కాదు. పంపుకు అందే నీరు ఎంత వెచ్చగా ఉంటే కరెంటు అంత తక్కువ పడుతుంది. సముద్రపు నీటిని అంత వేడికి తేవడంతో పోల్చి చూడండి.

రాతిపొర: నేను అడిగింది ప్రచారం గురించి. మీరు కరెంటు గురించి చెబుతున్నారు.

పాతగోడ: నేను అడిగింది గోడ గురించి. దానికి ఇద్దరూ జవాబు చెప్పలేదు.

నీటిపిట్ట: గోడ కంటే తాళం గురించి మాట్లాడితే మేలు. మేము ఉన్న పట్టణంలో ఆరుబయటి కొలనును మరమ్మతుల పేరుతో ఒక వేసవికి మూసి, తరువాత ఎన్ని ఉత్తరాలు రాసినా పలకలేదు. మా పిల్లలు ఈత నేర్చుకోకుండానే పెద్దవారయ్యారు. ప్లిమత్‌లోని టిన్‌సైడ్ కొలను చూడండి: అదీ 1935 నాటిదే, అదీ ఉప్పునీటిదే. 1992లో మూతబడితే, 1998లో రక్షిత జాబితాకు ఎక్కినా వెంటనే తెరుచుకోలేదు. జాబితా కూల్చివేతను ఆపుతుంది గాని పంపు నడపదు. పాతగోడ గారికి ఖాళీ కొలను చెక్కుచెదరకుండా ఉంటే చాలునేమో, మాకు చాలదు.

పాతగోడ: మీ ఊరి కోపాన్ని నా మీద తీర్చుకోవద్దని మనవి. నేను తాళం వేయమనలేదు. మీరు ఎవరి పక్షాన మాట్లాడుతున్నారో గమనించండి. ఒకప్పుడు పట్టణం తన పౌరుల కోసం తన ఇంజనీరు చేత కట్టించిన కొలను ఇది. ఇప్పుడు నిర్వహణ ఒక సంఘానికి వెళ్లింది. వెచ్చని మూల కోసం ప్రత్యేక టికెట్టు కొని వచ్చే పర్యాటకుడు ఉంటేనే మిగతా కొలను నిలుస్తుందన్న ఏర్పాటు వచ్చింది. నేను గోడ అన్నప్పుడల్లా నా మనసులో ఉన్నది ఇదే.

లెక్కలమనిషి: ఇది మొదటే చెప్పి ఉంటే ఇన్ని జవాబులు అవసరమయ్యేవి కావు. ఆ సంఘం ఎవరో బయటి వ్యాపారి కాదు. వెయ్యిమందికి పైగా వాటాలు కొని 5 లక్షల పౌండ్లకు మించి సమకూర్చారు. పౌరులంటే వారు కారా?

పాతగోడ: వాటా కొనగలిగినవారు పౌరులలో ఒక భాగం. అదే కార్న్‌వాల్‌లో, బ్యూడ్‌లో 1930లో కట్టిన సముద్రపు కొలనుకు కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) నిధులు ఆపినప్పుడు కూడా స్థానికులే పూనుకున్నారు. అక్కడ ప్రవేశ రుసుము లేదు, విరాళాలతోనే నడుస్తోంది.

లెక్కలమనిషి: బ్యూడ్ కొలను కొండరాళ్ల నడుమ గోడ కట్టి చేసినది, పోటు వచ్చినప్పుడు సముద్రమే దానిని నింపిపోతుంది. పెన్‌జాన్స్‌లో ఉన్నది తొంభై ఏళ్ల కాంక్రీటు, మెట్ల వరుసలు, గదులు, ఎదురుగా తుపానులు. విరాళాల డబ్బా దానిని మోయలేదు.

నీటిపిట్ట: టికెట్టు కొనలేని పిల్లవాడికి ఉచితంగా కొన్ని గంటలు ఇవ్వమని అడగండి, నేనూ సంతకం చేస్తాను. ఆ మూలను తీసివేయమంటే చేయను.

పాతగోడ: కొన్ని గంటలు దయ. నేను హక్కు గురించి అడుగుతున్నాను. ఆ ఖర్చును కౌన్సిల్ ఎందుకు భరించకూడదు?

రాతిపొర: 410 మీటర్ల విషయానికి ఇంకా ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.