తోటి బొటిక్ పేజీ చూస్తే నిద్ర పట్టట్లేదు. ఏం చేయాలి?

అడిగినవారు: చుక్కలముగ్గు (ఖమ్మం)

అందరికీ నమస్తే. నేను ఇంటి ముందు గదిలో మగ్గం వర్క్ చేస్తాను. నాతోపాటే పని నేర్చుకున్న అమ్మాయి రెండు వీధుల అవతల బొటిక్ పెట్టింది. అప్పట్లో ఒకే మగ్గానికి అటు తను, ఇటు నేను కూర్చుని జర్దోసీ కుట్టేవాళ్లం. ఇప్పుడు తనకి ఇన్‌స్టాలో 40 వేల పైన ఫాలోవర్లు. నాకు రెండు వేలు కూడా లేరు.

పొద్దున లేవగానే తన పేజీ తెరుస్తాను. పెళ్లికూతురు అద్దం ముందు తిరుగుతూ బ్లౌజు వెనకవైపు చూపించే రీలు ఒకటి ఉంటుంది. దాని కింద "రేటెంత అక్కా" అని కామెంట్లు. ఇక ఆ రోజు సూది చేతికి సరిగా రాదు. పైగా కస్టమర్లు తన డిజైనే నా ముందు పెట్టి "ఇలా కుట్టగలరా, కాస్త తక్కువకి" అంటారు. మొన్న తన దగ్గర ఒక పెద్ద ఆర్డర్ క్యాన్సిల్ అయిందని విన్నాను. లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయికే నాకు భయం వేసింది.

మా ఆయన "చూడకు, అంతే" అంటాడు. నాకు ఆర్డర్లు వచ్చేదే ఫోన్లో. చూడకుండా ఎలా? మీలో ఎవరికైనా ఇలా ఉండి తగ్గిందా?

---

నిమ్మతొక్క:

ముందు ఆవిడని మ్యూట్ చేయండి. అన్‌ఫాలో అక్కర్లేదు, మ్యూట్ చేసినట్టు ఆవిడకి తెలియదు. లైకుల లెక్క కనపడకుండా పెట్టుకునే సెట్టింగ్ కూడా 2021 నుంచి ఉంది. ఈ వారానికి అది చాలు, తర్వాత సంగతి తర్వాత.

---

లేసుబుట్ట (నరసరావుపేట):

చెల్లీ, నాదీ మగ్గమే. మ్యూట్ చేస్తే పేజీ కనపడదు గానీ, కస్టమర్ తెచ్చే ఫోటో ఎక్కడికి పోతుంది?

మా ఊళ్లోనూ నాకు అలాంటి ఆమె ఒకరున్నారు. బజార్లో ఎదురుపడితే నవ్వుకోవడం, ఇంటికొచ్చి ఒకరి పేజీ ఒకరు చూసుకుని కుళ్లుకోవడం. ఒక శ్రావణమాసంలో నా దగ్గర మగ్గం కుట్టే కారిగర్లు ఇద్దరూ ఇంట్లో ఎవరికో బాగోలేదని బెంగాల్ వెళ్లిపోయారు. నా చేతిలో పెళ్లి బ్లౌజులు, లగ్గం దగ్గర పడింది. మనిషి ఖాళీగా ఎవరి దగ్గరున్నాడని ఆరా తీస్తే ఆమె పేరే వచ్చింది. గుమ్మం దాకా వెళ్లి కూడా వెనక్కి వచ్చేద్దామనిపించింది, అబద్ధం ఎందుకు.

లోపలికి వెళ్తే రీల్లో కనిపించే గులాబీరంగు గోడ, రింగు లైటు, బొమ్మ అన్నీ ఒక్క మూలే. మిగతా గదంతా మన గదే తల్లీ. గుడ్డ మీద డిజైన్ అచ్చు వేసే అదే జింక్ పౌడరు, అదే కిరోసిన్ వాసన, చుట్టలు చుట్టిన ట్రేసింగ్ పేపర్లు, మూత సరిగా పట్టని కట్‌దానా డబ్బాలు. ఆ వారం పేజీలో పెట్టిన ఫోటోలన్నీ ఒకే బ్లౌజువి. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, చెయ్యి ఒక్కటే ఒకటి.

అది చూసి నా కడుపుమంట చల్లారిందని అనుకోకు. ఆమెకి నాకంటే ఆర్డర్లు ఎక్కువే. కుందన్ పని ఇవాళ్టికీ నాకంటే బాగా చేస్తుంది. మారింది వేరే. ఆ రోజు మనిషిని పంపించడానికి ఒప్పుకుని, కూర్చోబెట్టి టీ ఇచ్చి, "కారిగర్‌కి గంటకి ఎంతిస్తున్నారు" అని అడిగింది. నేను చెప్పాను. ఆమె ఎంత ఇస్తుందో చెప్పింది. బ్లౌజుకి ఎంత తీసుకుంటే మెటీరియల్ పోను ఎంత మిగులుతుందో ఇద్దరం కాగితం మీద వేసుకున్నాం. ఈ లెక్క మా ఆయనతో కూడా ఎప్పుడూ అంత విడమరిచి చెప్పలేదు. పెద్దమ్మాయి ఫీజు కట్టడానికి ఆమె గాజులు బ్యాంకులో పెట్టిన సంగతి కూడా ఆ రోజే తెలిసింది. నా చీటీ సంగతి నేను చెప్పాను.

ఇప్పుడు సరుకుకి ఇద్దరం కలిసే విజయవాడ వన్‌టౌన్ వెళ్తాం. కుందన్, పూసలు పెద్ద ప్యాకెట్ తీసుకుని చెరిసగం పంచుకుంటాం, హోల్‌సేల్ రేటు పడుతుంది. ఆమె రీలు వస్తే ఆ బ్లౌజు ఎవరిదో, పెళ్లికూతురు వాళ్లమ్మ మెడ దగ్గర ఎన్నిసార్లు విప్పించిందో నాకు ముందే తెలిసిపోయి ఉంటుంది. అయినా అప్పుడప్పుడు ఏడుపొస్తుంది. రాదని చెప్పను. వచ్చినప్పుడు ఫోన్ చేసి "ఏమే, ఊళ్లో పెళ్లిళ్లన్నీ నీకేనా" అని తిట్టేస్తాను. ఆమె "నీ కాజా పని నాకు రాదు కదే" అంటుంది.

నువ్వు మాత్రం ఉత్త చేతులతో వెళ్లి "చాలా బాగుందే నీ పేజీ" అని పొగడకు. అది ఇద్దరికీ ఇబ్బందే. ఏదైనా పని పెట్టుకుని వెళ్లు.

---

పాతపెన్ను (తెనాలి, రిటైర్డ్ సైకాలజీ లెక్చరర్):

అమ్మా, ముంబయిలో పెద్ద డిజైనర్‌ని చూసి మీకు నిద్ర పోదు. పక్క వీధి అమ్మాయిని చూస్తేనే పోతుంది. లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ 1954లో రాసింది ఈ సంగతే: నైపుణ్యంలో తనకి దగ్గరగా ఉన్నవాళ్లతోనే మనిషి తనని పోల్చుకుంటాడు. అంటే మీ మంటకి కారణమైన మనిషే మీ పని కష్టం బాగా తెలిసిన మనిషి కూడా. పతంజలి యోగసూత్రాల మొదటి పాదం 33వ సూత్రంలో సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రి అన్నాడు. అక్కడ కరుణ అనలేదు, అది దుఃఖంలో ఉన్నవారికి. ఆ మైత్రితో పోయేది ఈర్ష్యే అని వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడు వివరించాడు. లేసుబుట్ట గారు ఇవేమీ చదవకుండానే చేసి చూపించారు.

---

గోరుచిక్కుడు:

అందరూ అలా కుదరరు. నేను ఒకామెని నమ్మి నా కస్టమర్ల నంబర్లు ఇచ్చాను. తర్వాత వాళ్లు నా షాపు మెట్లు ఎక్కలేదు. చూసుకుని కలవండి.

---

చుక్కలముగ్గు:

అక్కా, మీది చదివి మా ఆయనకి కూడా వినిపించాను. ఒక్క డౌటు. గోరుచిక్కుడు గారు అన్నట్టు నా డిజైన్లు, నా కస్టమర్లు తను లాక్కుంటే?

---

లేసుబుట్ట:

నంబర్లు నేనూ ఇవ్వను చెల్లీ, స్నేహం వేరు, నోట్‌బుక్ వేరు. డిజైన్ అంటావా, పేజీలో పెట్టిన నిమిషానికే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వాళ్లు దించేస్తారు, దాన్ని ఎవరూ ఆపలేరు. మేమిద్దరం పెట్టుకున్న మాట ఒక్కటే. ఆమె కస్టమర్ నా దగ్గరికొచ్చి "ఇదే పని తక్కువకి" అంటే, నేను ముందు ఆమెకి ఫోన్ చేసి ఎంత చెప్పిందో కనుక్కుని అదే రేటు చెబుతాను. ఆమె కూడా అంతే. ఇలా చేస్తే ఒకటీ అరా ఆర్డర్ పోతుంది, పోనీ. రేటు తెగ్గొట్టుకుని ఇద్దరం నష్టపోవడం కంటే నయం.

నువ్వు వెళ్లేదేదో మూఢంలో వెళ్లు. సీజన్లో వెళ్తే తనకి తలెత్తే తీరిక ఉండదు, అది చూసి నువ్వింకోటి అనుకుంటావు. పోయేటప్పుడు ఆరీ సూదులు ఒక ప్యాకెట్ పట్టుకెళ్లు. మన పనిలో అవి ఎన్నున్నా చాలవు.